ఎనిమిదో తువ్వాలు

ఆయనకు కారు లేదు. నడపడం రాదు. ఎవరి కారైనా ఎక్కవలసివస్తే వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరో ఒకరు దిగమనేదాకా శిలావిగ్రహంలా ఉంటారు. అయినా ఆ నాలుగంతస్తుల భవనంలో ఏ కారు దూరప్రయాణం బయల్దేరాలన్నా ముందు ఆయన చేతిమీదుగా స్నానం చేసి, ఆయన దగ్గర లెక్క తేల్చుకుని వెళ్ళాలి. లెక్కంటే పెద్దదేం కాదు. ఎనిమిది తువ్వాళ్ళు. కడగకముందు ఎనిమిది ఉండాలి, కడిగాక ఎనిమిది ఉండాలి. ఏడు తేలాయంటే ఆ కారు అంగుళం కదలదు. యజమాని ఎంతటివాడైనా, ఎంత తొందరలో ఉన్నా, ఎనిమిదోది దొరికేదాకా సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవలసిందే.

అందుకే భవనంలో అందరూ ఆయన్ని ఎనిమిదిగారు అంటారు. ఎదురుగా కాదు. ఎదురుగా ‘సార్’ అంటారు.

ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. ఆయన ఒక పెద్ద ఆస్పత్రిలో, ఆపరేషన్ థియేటరులో, ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి హెడ్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. కత్తి పెట్టకముందు గుడ్డలు లెక్కపెట్టడం, కుట్లు వేయకముందు మళ్ళీ లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. తన హయాంలో ఏ కడుపులోనూ గుడ్డపీలిక మిగల్లేదని ఆయన గర్వం. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి చూసుకుంటే లెక్కపెట్టడానికి ఏమీ లేదు. మూడు రోజులు వంటింట్లో చెంచాలు లెక్కపెట్టారు. నాలుగోరోజు ఆయన భార్య చెంచా చేత్తో పట్టుకుని ఆయన్ని కిందికి తోలేసింది. కింద సెల్లారులో కార్లు కనిపించాయి. దుమ్ము కొట్టుకుని, దిక్కులేనట్టు, వరసగా నిలబడి.

ఇదంతా ఆయన అల్లుడికి తర్వాతెప్పుడో తెలిసింది. మొదట్లో తెలిసింది అయోమయం ఒక్కటే.

అల్లుడు లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. భార్యతో కలిసి అదే భవనం మూడో అంతస్తులో దిగాడు. అత్తమామలది మొదటి అంతస్తు. భవనంలో లిఫ్టు ఉంది, పనిచేయదు. అది వేరే కంపెనీది కాబట్టి అతను దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు మొహం తిప్పుకుని మెట్లెక్కుతాడు. దిగిన మొదటి ఆదివారం కారు కడుక్కుందామని చొక్కా చేతులు మడిచి సెల్లారులోకి వచ్చాడు. మామగారు అప్పటికే అక్కడున్నారు, బకెట్‌తో.

"పైపు తెస్తానుండండి మామయ్యగారూ" అన్నాడు.

"పైపెందుకు?"

"కారు కడగడానికి."

"కారు కడగడానికి పైపెందుకు?"

అల్లుడు తెల్లమొహం వేశాడు. ఆ కుటుంబంలోకి వచ్చాక అదే మొదటిసారి కాదు గానీ, సెల్లారులో అదే మొదటిసారి.

మామగారు బకెట్‌లో చల్లటి నీళ్ళు పోసి, చిన్న సీసాలోంచి ఒక మూతెడు ద్రవం అందులో కలిపారు. చేత్తో ఒక్కసారి తిప్పారు. ఎనిమిది మెత్తటి తువ్వాళ్ళను, అంకె పైకి చదువుతూ, ఒక్కొక్కటే అందులో ముంచారు. "ఒకటి. రెండు. మూడు." థియేటరులో ఎలా చదివేవారో అలాగే చదివారు. ఎనిమిది అయ్యాక అల్లుడి వంక చూశారు. అతను ఏదో అనాలని అర్థమైంది గానీ ఏమనాలో అర్థం కాలేదు.

"‘ఎనిమిది’ అనండి."

"ఎనిమిది" అన్నాడు అల్లుడు.

"తాళంచెవి ఇవ్వండి." తాళంచెవిని బకెట్ పిడికి ఉన్న కొక్కేనికి తగిలించారు. "లెక్క తేలాక ఇస్తాను."

"నురగ రాలేదే" అన్నాడు అల్లుడు, బకెట్‌లోకి తొంగిచూసి.

"రాకూడదు. నురగొస్తే దాన్ని కడగడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. ఒకసారి కడిగినదాన్ని మళ్ళీ కడగడమేమిటి? ఈ మందు మురికి చుట్టూ చేరి జారేట్టు చేస్తుంది. మనం మెల్లగా ఎత్తి తీసేయడమే. నీళ్ళు పోసి కడిగే పని లేదు. ఒక బకెట్, ఒక కారు."

ముందు అదే నీళ్ళు చిన్న స్ప్రే సీసాతో కారు కప్పు మీద చల్లారు. మురికి నానడానికి అరనిమిషం. దాన్ని ఆయన ‘మత్తు’ అంటారు. తర్వాత ఒక తువ్వాలు తీసి, కొంచెం పిండి, నాలుగు మడతలు పెట్టి, కప్పు మీద ఈ చివరనుంచి ఆ చివరకు ఒకే గీతలా లాగారు. నొక్కలేదు, గుండ్రంగా తిప్పలేదు. గీత పూర్తికాగానే మడత తిప్పి శుభ్రమైన ముఖం పైకి తెచ్చారు.

"మడిస్తే నాలుగు, తిరగేస్తే నాలుగు. ఒక తువ్వాలుకు ఎనిమిది ముఖాలు. ఎనిమిది తువ్వాళ్ళకు?"

"అరవై నాలుగు."

"అరవై నాలుగు ముఖాలతో తేలని కారు నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు మీరు."

అల్లుడు తలుపు తుడిచాడు. బాగానే తుడిచాడు. తుడిచి, నల్లబడ్డ తువ్వాలును, ఏ మనిషైనా చేసే పనే కదా, జాడించడానికి బకెట్ వైపు తీసుకెళ్ళాడు.

"ఆ చెయ్యి అక్కడే ఆపండి."

గొంతు పెంచలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు గొంతు పెంచకుండానే పెద్దపెద్ద సర్జన్ల చేతులు ఆపిన మనిషి. అల్లుడి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"బయటికొచ్చిన గుడ్డ మళ్ళీ బకెట్‌లోకి వెళ్ళదు. ఈ తలుపు మురికి బకెట్‌లో కలిపి, ఆ తలుపుకు పూస్తారా? ఒకరికి కోసిన కత్తితో ఇంకొకరికి కోస్తారా?"

"నేనెవర్నీ కోయలేదు మామయ్యగారూ."

"అదే చెబుతున్నాను. మొదలుపెట్టకండి."

కడగడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. వివరించడానికి గంటన్నర. కప్పు ముందు, అద్దాలు తర్వాత, ఆపైన బానెట్, తలుపుల పైసగం, తలుపుల కిందిసగం చిట్టచివర. చక్రాలకు వేరే పాతగుడ్డ, దానికి లెక్కా లేదు, మర్యాదా లేదు. నేలమీద పడ్డ తువ్వాలు ఆ పూటకు చచ్చినట్టే, ముట్టుకోకూడదు. అంతా అయ్యాక మళ్ళీ ఎనిమిది చదివి, అప్పుడు ఆయన ఇంకో చిత్రమైన పని చేశారు.

"చేతులు చాపండి."

అల్లుడు చాపాడు. మామగారు పొడి తువ్వాలు ఒకటి తీసి, మడత విప్పకుండా అతని రెండు అరచేతుల మీద పెట్టారు. ఇది తొమ్మిదోది, లెక్కలోది కాదు. పెట్టి దానివైపే కాసేపు చూశారు, కారు వైపు కాదు, అల్లుడి మొహం వైపూ కాదు. "ఊఁ" అన్నారు. తీసేసుకున్నారు. తాళంచెవి ఇచ్చారు.

ఎందుకో అల్లుడు అడగలేదు. ఆ పూటకు అయోమయం కడుపునిండా ఉంది.

తువ్వాళ్ళ లెక్కలో తేడా వస్తే మాత్రం ఆయన ఇల్లు దద్దరిల్లుతుంది. అత్తగారు ఒకసారి వంటింటి గుడ్డను, పక్కన తడిగా ఉందని, ఆయన తువ్వాళ్ళతోపాటు తీగ మీద ఆరేసింది. తొమ్మిది తేలాయి. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. ఎక్కువ తేలడం తక్కువ తేలడంకంటే ప్రమాదమని ఆయన సిద్ధాంతం. "ఎక్కడో ఎవరి కడుపులోదో మనదగ్గరికి వచ్చిందన్నమాట" అని కూతురికి చెప్పారట.

భవనం సంఘానికి సెక్రటరీ ఒకాయన ఉన్నాడు. బ్యాంకులో పెద్ద ఆఫీసరు, పొద్దున్నే పైపు పెట్టి తన కారుమీద జలపాతం కురిపించి, సెల్లారంతా చెరువు చేసి, "ఏం సార్, చెంచాడు నీళ్ళతో కాకిస్నానం చేయిస్తున్నారా?" అని ఎనిమిదిగారిని పలకరించేవాడు. ఎనిమిదిగారు అతని కారు బానెట్ మీదికి వంగి, వెలుగులో సాలెగూళ్ళలా మెరిసే గీతలు చూసి, పరామర్శకు వచ్చినవాడిలా నిట్టూర్చి వెళ్ళిపోయేవారు. ఇంకోసారి ఎవరి బంధువో పొలాల్లోంచి జీపు వేసుకొచ్చాడు, మోకాలెత్తు మట్టి అంటుకుని. ఎనిమిదిగారు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, తల అడ్డంగా ఊపి, "ఈ కేసు మనం చూడకూడదు. ఇంత మట్టి మీద గుడ్డ పెడితే రంగు లేస్తుంది. ముందు నీళ్ళు కొట్టే చోటికి పంపండి" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ఇంతవరకు సరదాగానే ఉంది. అసలు అయోమయం తువ్వాలు తప్పిపోవడం దగ్గర మొదలైంది.

రెండో అంతస్తు ప్లీడరు ఒకరోజు ఫోనులో తమ్ముడిమీద అరుస్తూ దిగాడు. ఊరికెళ్ళి వాడి అంతు చూసి వస్తానని, కారు తొందరగా కానిమ్మని అన్నాడు. కారు అయింది. లెక్కపెడితే ఏడు. నలభై నిమిషాలు వెతికారు. ప్లీడరు కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరికాడు, నీళ్ళు తాగాడు, చివరికి తోచక తమ్ముడికి తనే ఫోను చేసి "సరేలేరా, నువ్వన్నట్టే కానీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎనిమిదోది దొరికింది.

"ఎక్కడుంది సార్?" అన్నాడు ప్లీడరు.

"ఉన్నచోటే ఉంది."

నాలుగో అంతస్తు వయొలిన్ టీచరు జ్వరంతో, కళ్ళు ఎర్రగా పెట్టుకుని పక్క ఊళ్ళో కచేరీకి బయల్దేరింది. ఏడు. ఆమె చెల్లెలు వచ్చి స్టీరింగు పట్టుకునేదాకా ఎనిమిదోది దొరకలేదు. ఎక్కడుందంటే ఉన్నచోటే ఉంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని మెట్లను కాలితో తడుముకుంటూ దిగిన దర్జీ షాపు ఆసామికీ ఏడే. ఆయన విసుగెత్తి పాత కళ్ళజోడు తెచ్చుకుని వెతకడంలో సాయపడ్డాడు. అప్పుడు దొరికింది. ఉన్నచోటే.

అల్లుడు ఇంజనీరు కదా. తువ్వాలు పోయిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాశాడు. తేదీ, కారు రంగు, సెల్లారులో ఏ గడి, ఎండా మబ్బా. రెండు నెలలు రాసి, ఒక గ్రాఫు గీసి, ముదురురంగు కార్లకు మబ్బురోజుల్లో తువ్వాళ్ళు పోతున్నాయని తేల్చాడు. తేల్చాక, అలా ఎందుకు జరగాలో తేలక, ఆ కాగితం భార్యకు చూపించాడు.

ఆమె కాసేపు చూసి, "నాన్నకు మతిమరుపు మొదలైందేమోనండీ" అంది చిన్నగా.

ఆ మాట ఇద్దర్నీ పట్టుకుంది. అత్తగారిని కదిపితే ఆవిడ బాధ వేరే ఉంది. "మతిమరుపు సంగతి తర్వాత. ఆ చొక్కా చూడండి బాబూ. కారు కడిగితే చేతులు తడవాలి, మోకాళ్ళు తడవాలి. ఈయనకి బొడ్డు దగ్గర అరచేతి మేర తడుస్తుంది. పోనీ రోజూనా, కాదు. ఎప్పుడో ఒకసారి. ఇదేం కడగడమో మీరైనా అడగండి." అల్లుడు పుస్తకంలో ఆ గడి కూడా గీద్దామనుకుని, మర్చిపోయాడు.

మర్చిపోవడానికి కారణం ఉంది. అతని కంపెనీ ఆ ఊళ్ళో శాఖ మూసేస్తోంది. నెలాఖరుతో ఉద్యోగం ఆఖరు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పాడు. మూడు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో ఇంకో లిఫ్టుల కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది, గురువారం మధ్యాహ్నం రెండింటికి. అప్పటికే నాలుగు చోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి, నాలుగు చోట్లా కాదన్నారు. ఇదీ పోతే ఇక అడగడానికి కంపెనీ లేదు. బుధవారం రాత్రంతా మంచం మీద పడుకుని పైకప్పుకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. పైకప్పు కూడా తృప్తిపడినట్టు లేదు.

గురువారం పొద్దున ఏడున్నరకు సెల్లారులోకి వచ్చి, ప్లీడరు కారు దగ్గర నిలబడి, తాళంచెవి నొక్కి, తలుపు రావడం లేదని దాన్ని తిట్టాడు.

"మీది ఇటు" అన్నారు మామగారు, బకెట్ దగ్గరనుంచి.

"తెలుసు."

తాళంచెవి కిందపడింది. తీశాడు. మళ్ళీ పడింది. ఈసారి మామగారు తీసి కొక్కేనికి తగిలించారు.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఊరికే. ఆఫీసు పని."

 మామగారు మత్తు చల్లారు, గీతలు లాగారు, ముఖాలు తిప్పారు. ఎనిమిదింటికల్లా కారు అద్దమైపోయింది.

"చేతులు చాపండి."

పొడి తువ్వాలు అరచేతుల మీద పెట్టారు. దాని అంచు అలలుఅలలుగా ఊగింది.

"గాలేస్తోందా?" అన్నారు మామగారు.

"సెల్లారులో గాలెక్కడిది మామయ్యగారూ."

"అదే నేనూ అనుకుంటున్నాను."

ఆయన తువ్వాళ్ళ కుప్ప వైపు తిరిగారు. ఒకటి, రెండు, మూడు. నిదానంగా చదివారు. చివర ఆగారు.

"ఏడు."

 అల్లుడు కారు కింద చూశాడు, మీద చూశాడు, డిక్కీలో చూశాడు, ప్లీడరు కారు డిక్కీలో కూడా చూడబోయాడు.

"మామయ్యగారూ, ఇది కారు. కడుపు కాదు. దీనికి కుట్లు వేయం. మీరు నెమ్మదిగా వెతుక్కోండి, నన్ను వదిలేయండి."

"బానెట్‌లో ఉండిపోతే? ఇంజను వేడికి అంటుకుంటే?"

"బానెట్ మనం తెరవనేలేదు."

"తెరవలేదని మనం అనుకుంటున్నాం."

అల్లుడికి ఓపిక ఆ మాట దగ్గర తెగిపోయింది. "తువ్వాలు పోలేదు మామయ్యగారూ. మీ లెక్కే పోతోంది. నాకు పుస్తకం ఉంది, చూపించమంటే చూపిస్తాను. మీకు మతిమరుపొచ్చింది" అనేశాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు.  మామగారు కోపగించుకోలేదు, కనీసం నొచ్చుకోలేదు. ఉతికిన చొక్కా మీద మరక వెతికేవాడిలా అతని మొహం ఒకసారి చూశారు.

"కావచ్చు" అన్నారు. "అందుకే నాకు టైము పడుతుంది. మీరు పైకెళ్ళి మా సోఫాలో కూర్చోండి. దొరకగానే పిలుస్తాను."

తాళంచెవి కొక్కేనికి ఉంది, కొక్కెం బకెట్‌కు ఉంది, బకెట్ ఆయన చేతిలో ఉంది. అల్లుడు పళ్ళు నూరుకుంటూ మొదటి అంతస్తుకు వెళ్ళి సోఫా అంచున కూర్చున్నాడు. అయిదు నిమిషాలకు వెనక్కి ఆనుకున్నాడు. అత్తగారు ఏదో అడిగింది, అతను ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి తల కింద దిండు ఉంది, కాళ్ళకు బూట్లు లేవు, గోడగడియారం పదికి పది నిమిషాలు చూపిస్తోంది. బూట్లు చేత్తో పట్టుకుని రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. తీగ మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. పరిగెత్తుతూనే లెక్కపెట్టాడు. ఎనిమిది.

"ఎక్కడ దొరికింది?"

"ఉన్నచోటే ఉంది. చేతులు."

చాపాడు. తువ్వాలు అతని అరచేతుల్లో పసిపాపలా కదలకుండా పడుకుంది.

"ఊఁ. వెళ్ళిరండి. రెండింటికి కదా, నిదానంగా వెళ్ళినా ఒంటిగంటకు ఉంటారు."

అల్లుడు కృతజ్ఞతా చెప్పలేదు, క్షమాపణా చెప్పలేదు. దారిలో ఒక మలుపు దగ్గర ముందు వెళ్తున్న లారీ ఉన్నపళంగా ఆగింది. అతని కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్ళింది. లారీ వెనక రాసిన అక్షరాలు చదవగలిగినంత దగ్గరలో కారు ఆగింది. లారీ మళ్ళీ కదిలాక అతనికి ఒక ప్రశ్న తట్టింది. రెండింటికని ఈయనకెవరు చెప్పారు?

ఇంటర్వ్యూలో అయిదుగురు కూర్చున్నారు. నలుగురడిగినవాటికి పైకప్పుకు చెప్పిన జవాబులే చెప్పాడు. అయిదో ఆయన ముసలాయన, అంతసేపూ ఏమీ అడగలేదు. చివర్లో అన్నాడు. "లిఫ్టు రిపేరు చేసినవాళ్ళు పానాలు, సుత్తులు పైన మర్చిపోయి వస్తున్నారు. మీరైతే ఏం చేస్తారు?"

ఇది పైకప్పు అడగలేదు. అల్లుడు నోరు తెరిచాడు, అందులోంచి మామగారు వచ్చారు.

"ఎక్కేముందు పైకి చదివి లెక్కపెట్టాలి సార్. దిగాక మళ్ళీ పైకి చదవాలి. పక్కన ఇంకో మనిషి ఆ అంకె తిరిగి చెప్పాలి. కరెంటు తాళంచెవి పనిముట్ల పెట్టెకు తగిలించి ఉండాలి, లెక్క తేలేదాకా ఇవ్వకూడదు."

"ఒకటి తక్కువొస్తే?"

"లిఫ్టు కదలదు సార్."

"ఎంతసేపు?"

"దొరికేదాకా."

ముసలాయన మిగతా నలుగురి వైపు చూసి, తన ముందున్న కాగితం తిరగేసి పెట్టాడు. వచ్చే నెల ఒకటో తారీకున చేరమన్నారు.

ఇంటికొచ్చి ఆ కబురు చెబుదామని మొదటి అంతస్తు తలుపు కొడితే అత్తగారు ముందే నవ్వుతూ తీసింది. ఆ భవనంలో అతని రహస్యం అతని భార్య దగ్గరనుంచి ఆవిడకూ, ఆవిడ దగ్గరనుంచి మామగారికీ పదిహేను రోజుల కిందటే దిగిపోయింది. ఆ ఇంట్లో నిజంగా రహస్యంగా ఉన్నది ఒక్కటే, ఎనిమిదో తువ్వాలు ఉండే చోటు.

"పొద్దున నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు అల్లుడు.

"వెనక అద్దం మీద దుమ్ము పడిందా?" అన్నారు మామగారు.

"పడింది."

"ఆదివారం చూద్దాం."

ఆ ఆదివారం ఒక పెద్దావిడ తెల్లకారు తనే నడుపుకుంటూ సెల్లారులోకి వచ్చింది. మామగారు లేచి నిలబడ్డారు. ఆస్పత్రిలో ఆయనతో పాతికేళ్ళకు పైగా పనిచేసిన పెద్ద డాక్టరమ్మ. మూడు నెలలకోసారి వస్తుందట, కారు కడిగించుకోవడానికి. "ఏం హెడ్డుగారూ, మీ పేషెంట్లంతా కులాసానా?" అని, ఆయన మంచినీళ్ళు తేవడానికి పైకి వెళ్ళగానే అల్లుడి పక్క కుర్చీలో కూర్చుంది.

"మీ మామగారి లెక్క తప్పుతోందని మీ ఆవిడ బెంగపెట్టుకుందట. అత్తగారు ఫోను చేశారు" అంది. "ఎప్పుడెప్పుడు తప్పుతోంది?"

అల్లుడు గ్రాఫు తెచ్చి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చూసింది.

"కారు రంగు రాశారు. మబ్బు రాశారు. కారెక్కే మనిషి ఎలా ఉన్నాడో రాయలేదేం?"

అల్లుడు తెల్లమొహం వేశాడు.

"నా థియేటరులో ఇన్నేళ్ళలో గుడ్డల లెక్క మూడుసార్లు తప్పింది" అంది ఆవిడ. "మూడుసార్లూ మొదలుపెట్టకముందే, నేనింకా కత్తి పట్టకముందు. ఒకసారి వరసగా రెండు రాత్రులు నిద్రలేదు. ఒకసారి మా అమ్మ పోయిన వారానికి. ఇంకోసారి మావారితో పోట్లాడి వచ్చాను. గ్లవ్సు తొడిగేటప్పుడు మీ మామగారు నా వేళ్ళు చూసేవారు. చూసి, ‘అమ్మా, ఒకటి తక్కువుంది, మళ్ళీ లెక్కపెట్టాలి, మీరు కాస్త కూర్చోండి’ అనేవారు. సర్జన్‌తో ‘మీ చేతులు వణుకుతున్నాయి’ అని ఎవరనగలరు? గుడ్డ తక్కువుందంటే మాత్రం ఎవరైనా ఆగాలి. అరగంట కూర్చునేదాన్ని, టీ తాగేదాన్ని. ఒకసారి వేరే డాక్టరును పిలిపించాను కూడా. ఆ తర్వాత దొరికేది."

"ఎక్కడ?" అన్నాడు అల్లుడు.

"ఉన్నచోటే."

ఆవిడ గ్రాఫు మడిచి ఇచ్చింది. "నాకు తెలుసని ఆయనకు తెలియదు. తెలియనివ్వకండి. ఇంకా కొన్నాళ్ళు నేను కారు నడపాలి కదా."

అల్లుడు ఆ రాత్రి పుస్తకం తీసి, పాత గడులన్నీ కొట్టేసి, కొత్త గడి గీశాడు. ప్లీడరు, కోపం. టీచరు, జ్వరం. దర్జీ, కళ్ళజోడు. నాలుగో వరస దగ్గర తన పేరు రాసి, పక్కన ఏం రాయాలో తోచక, పెన్ను మూసేశాడు. అంకెలన్నీ సరిపోయాయి. ఒక్కటే తేలలేదు, తువ్వాలు ఎక్కడ ఉండేది? ‘ఉన్నచోటే’ అంటే ఏ చోటు? భార్య ఇస్త్రీ బట్టల్లో నాన్న చొక్కా మడతపెడుతూ, "అమ్మ చెప్పిన మరక ఇదేనండీ, బొడ్డు దగ్గర" అంది. అల్లుడు ఆ చొక్కా చేతిలోకి తీసుకుని, నవ్వు ఆపుకోలేక, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

కొత్త ఉద్యోగంలో చేరే ముందురోజు అతని కారు సెల్లారులో బల్ల మీద పేషెంటులా సిద్ధంగా ఉంది. బకెట్‌లో ఎనిమిదీ మునిగి ఉన్నాయి. మామగారు మందు సీసా మూత బిగిస్తున్నారు. అప్పుడు సెక్రటరీ వచ్చాడు, చేతిలో నేల తుడిచే గుడ్డతో. అతని పైపుకు నీళ్ళు రావడం లేదు.

"ఒక్క నిమిషం సార్" అని, ఆ నేలగుడ్డను తీసుకెళ్ళి, ఎనిమిదిగారి బకెట్‌లో ముంచి, చక్కగా జాడించి, పిండుకుని వెళ్ళిపోయాడు.

నీళ్ళు నల్లబడ్డాయి.  ఎనిమిదిగారి ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు ఆ బకెట్‌లో మునగడం అల్లుడు కళ్ళారా చూశాడు. మెడమీద నరం లేచింది. కళ్ళు ఎరుపెక్కాయి. గొంతు పెంచని మనిషి గొంతు సవరించుకుంటున్నారు. మెట్లవైపు నడిచారు, సెక్రటరీ ఇంటికి. ఆ నడక చూస్తే, పైన అనబోయే మాటలు ఒకసారి అన్నాక మళ్ళీ తీసుకోలేనివని తెలుస్తోంది. ఆయన బీపీ మాత్ర ఆ పొద్దున వేసుకోలేదని అత్తగారు అప్పుడే బాల్కనీలోంచి అరిచి ఉంది.

"మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"తర్వాత."

"తర్వాత కాదు. చేతులు చాపండి."

ఆయన ఆగారు. అలవాటు ఎంత చెడ్డదో, చేతులు వాటంతట అవే చాచుకున్నాయి. అల్లుడు పొడి తువ్వాలు వాటిమీద పెట్టాడు. దాని నాలుగు అంచులూ టపటప కొట్టుకున్నాయి. ఇద్దరూ దానివైపే చూశారు. గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు.

అల్లుడు బకెట్ దగ్గరికి వెళ్ళి ఆయనకు వీపు పెట్టి వంగాడు. ఒక్కొక్కటే పిండి పక్కన పెడుతూ పైకి చదివాడు. ఒకటి. రెండు. మూడు. చివర ఆగాడు.

"ఏడు" అన్నాడు.

మామగారు వెనక్కి వచ్చారు. తువ్వాళ్ళు చూశారు, అల్లుడి వీపు చూశారు, అతను ఇటు తిరిగాక చొక్కా ముందు భాగం చూశారు. అక్కడ కాస్త ఎత్తుగా ఉంది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో మొదటిసారి, లెక్క చెప్పడం కాకుండా వినవలసిన మనిషి మొహం అది. దానిమీద తెల్లమొహం ఎంత అందంగా కుదిరిందో అల్లుడు మనసులో రాసుకున్నాడు.

"ఏడా?" అన్నారు చివరికి.

"ఏడే."

"బాగా చూశారా?"

"మళ్ళీ చూడాలి. టైము పడుతుంది. మీరు కాస్త కూర్చోండి."

మామగారు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పొడి తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నారు. అల్లుడు కారు కింద చూశాడు, మీద చూశాడు, బానెట్ తెరిచి చూశాడు, మూశాడు. మెల్లగా, బద్ధకంగా, చేతనైనంత అన్యాయంగా వెతికాడు. పావుగంటకు పైనుంచి సెక్రటరీయే దిగివచ్చాడు, కొత్త బకెట్‌లో మంచినీళ్ళు పట్టుకుని. "సార్, మా ఆవిడ తిట్టింది. మీ నీళ్ళు పాడుచేశానట. నాకు తెలియలేదు" అన్నాడు. ఎనిమిదిగారు బకెట్ అందుకుని, "మందు ఒక మూతెడే కలపాలి. చూస్తారా, నేర్పుతాను" అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

సెక్రటరీ తువ్వాళ్ళు చూసి, "ఏడున్నాయేంటి సార్?" అన్నాడు.

"దొరుకుతుంది" అన్నారు ఎనిమిదిగారు, అల్లుడి వైపు చూడకుండా. "ఉన్నచోటే ఉంటుంది."

మధ్యాహ్నం భోజనానికి అల్లుడు మొదటి అంతస్తుకు వెళితే, అత్తగారు గరిటె పట్టుకునే అతన్ని పైనుంచి కిందికి చూసి, బొడ్డు దగ్గర చూపు ఆపింది. అరచేతి మేర తడి.

"బాబోయ్" అంది. "మీక్కూడా మొదలైందా?"